మీకు తెలుసా? పాత కారు లైట్లు చెప్పే సంగతులు

ఇండికేటర్ వేశారు. నిదానంగా టిక్కు టిక్కుమని కొట్టుకోవాల్సింది ఉన్నట్టుండి రెట్టింపు వేగంతో టకటకలాడుతోంది. ఫ్లాషర్ పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. నిజానికి ఆ ఫ్లాషర్ తన పని తాను చేస్తోంది! ఆ వైపు ముందరి బల్బో వెనక బల్బో మాడిపోయిందని చెబుతోంది. ఒక్కో బల్బు 21 వాట్లు. రెండింట్లో ఒకటి పోతే లాగే కరెంటు తగ్గుతుంది, ఫ్లాషర్ వేగం పెరుగుతుంది. డ్రైవరు దిగి చూడకుండానే తెలియాలని అలా తయారుచేశారు. ఎల్‌ఈడీ బల్బు పెడితే మొదలయ్యే టకటకకూ కారణం ఇదే, అది లాగే కరెంటు మరీ తక్కువ.

ఇంకో విడ్డూరం చూడండి. బ్రేకు తొక్కితే పక్కనున్న ఇండికేటర్ సన్నగా వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటుంది. ఇక్కడ బల్బులు మార్చి లాభం లేదు, తప్పు ఎర్తింగ్‌ది. కరెంటు బల్బు దాకా వైరులో వస్తుంది, తిరిగి బ్యాటరీకి చేరేది మాత్రం కారు బాడీ గుండానే. ఎర్త్ వైరును బాడీకి బిగించిన చిన్న స్క్రూ కింద తుప్పు పడితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు పక్క బల్బు ఫిలమెంటులోంచి దారి వెతుక్కుంటుంది. స్క్రూ విప్పి, కింది రేకును మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాసెలిన్ రాస్తే చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా ఈ స్క్రూలు చూసుకోవాలి. ఖర్చులేని పని ఇది, చేయించేవాళ్లు మాత్రం తక్కువ.

హెడ్‌లైట్ మసకబారడానికీ చాలాసార్లు మూలం కరెంటు దారిలోని ఇలాంటి అడ్డంకే. ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు తగ్గేది పది శాతం కాదు, దాదాపు 30 శాతం! డిమ్ముకు ఒక్కో బల్బు 55 వాట్లు, రెండూ కలిస్తే తొమ్మిది ఆంపియర్లు. చాలా పాత కార్లలో ఈ కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చులోంచే పోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి కాంటాక్టులు నల్లబడతాయి, దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఇంజిను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు వెనక పిన్నుల దగ్గర ఇంకోసారి మీటరు పెట్టించండి. తేడా అర వోల్టు దాటితే బల్బుల మీద డబ్బు తగలెయ్యకండి. ఆటో ఎలక్ట్రీషియన్ చేత, ఆ కరెంటు స్విచ్చులోంచి పోకుండా నేరుగా బల్బులకు చేర్చే రిలే పెట్టిస్తే ఉన్న బల్బులే తెల్లగా వెలుగుతాయి.

దీనికి వ్యతిరేకమైన సమస్యా ఉంది. వోల్టేజీ అయిదు శాతం ఎక్కువైతే బల్బు ఆయుష్షు సగానికి పడిపోతుంది. తరచూ బల్బులు మాడిపోతుంటే చూపించాల్సింది వోల్టేజీని అదుపులో ఉంచే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ని.

మారుతీ 800 లాంటి కార్లలో కనిపించే మూడు రేకుల బల్బును హెచ్4 అంటారు. వెనక ప్లగ్గు లాగి, రబ్బరు తొడుగు తీసి, తీగ క్లిప్పు పక్కకు తప్పిస్తే చేతికి వచ్చేస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు గాజును వేళ్లతో ముట్టుకోవద్దంటారు, ఎందుకో తెలుసా? హాలోజెన్ బల్బు గాజు 250 డిగ్రీలు దాటి వేడెక్కితేనే లోపలి రసాయన చక్రం సాగుతుంది. ఆవిరైన టంగ్‌స్టన్ గాజుకు అంటుకుని నల్లబడకుండా తిరిగి ఫిలమెంటుకే చేరుతుంది. ఆ వేడికి మన వేలి చెమట, జిడ్డు గాజును అక్కడే దెబ్బతీస్తాయి. పొరపాటున తగిలితే స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి. రబ్బరు తొడుగు చిరిగి ఉంటే దాన్నీ మార్చాలి. తేమ చేరితే హెడ్‌లైట్ లోపలి మెరుపు పూత మసకబారిపోతుంది, అది మళ్లీ రాదు.

వెనక బ్రేకు, పార్కింగ్ రెండింటికీ పనిచేసే బల్బును చేతిలోకి తీసుకుని చూడండి. లోపల రెండు ఫిలమెంట్లు, 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది పార్కింగుకు. ఇత్తడి మొదలుకు అటొకటి ఇటొకటి ఉన్న మొటిమలు ఒకే ఎత్తులో ఉండవు. తిరగేసి పెట్టకూడదనే ఆ ఏర్పాటు. అరిగిన హోల్డర్‌లో బలవంతంగా తిప్పి దూరిస్తే బ్రేకు, పార్కింగ్ తారుమారవుతాయి. ఎప్పుడూ ఎర్రగా మండుతూ ఉండే ఆ లైటు మీరు బ్రేకు వేసినా పెద్దగా మారదు. వెనక లారీవాడికి మీరు ఆగుతున్నారని ఎలా తెలుస్తుంది?

హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే వెలుగును అది అడ్డుకుంటుంది, పైభాగం అద్దం మీద పడిన వెలుగు మాత్రమే రోడ్డుకు దిగుతుంది. నాసిరకం ఎల్‌ఈడీల్లో ఈ అమరిక సరిగ్గా కుదరదు. వెలుగు చెల్లాచెదురై ఎదురుగా వచ్చే బైకు మనిషి కళ్లల్లో కొడుతుంది. 100/90 వాట్ల బల్బులు ఇంకో ప్రమాదం, 60/55కు వేసిన వైర్లు, హోల్డర్లు ఆ వేడికి కరిగిపోతాయి. వెలుగు కావాలంటే ముందు వైరింగ్ బాగుచేయించాలి, నా మాట అదే.

బ్రేకు లైట్లు చూడ్డానికి తోడు ఎవరూ లేకపోయినా ఫర్వాలేదు. చీకటిపడ్డాక కారు వెనక భాగాన్ని గోడకు దగ్గరగా నిలిపి పెడల్ తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు వైపులా ఎర్రటి వెలుగు సమానంగా పడాలి. ఒక వైపే పడితే బల్బో, దాని ఎర్తింగో చూడాలి. రెండూ ఒకేసారి వెలగకపోతే బల్బుల జోలికి వెళ్లకుండా ముందు ఫ్యూజు, ఆ తర్వాత పెడల్ పైనున్న చిన్న స్విచ్చు చూడండి.