డెల్టా నుండి అరకు కొండలకు సైకిలుయాత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో సైకిలు త్రొక్కువారికి ఎదురుగాలియే పెద్ద పరీక్ష. ఎత్తనునది కాలువ వంతెనల కడనే కాలికి తెలియును. అట్టివారు విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు పోవదలచినచో మేము చెప్పునది ఒక్కటే: ఎక్కుటకంటె దిగుటయే అపాయకరము.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఎక్కునపుడు ముందు చిన్న పండ్లచక్రము, వెనుక పెద్దది ఉన్నచో కాలికి భారము తగ్గును. అలసినపుడు దిగి నడిపించుట నామోషీ కాదు.

తిరుగు ప్రయాణమున వేగము దానంతట అదే వచ్చును. అపుడు బ్రేకు ఎడతెగక పట్టరాదు. రబ్బర్ల ఒరపిడికి రిమ్ము వేడెక్కి ట్యూబు పగులవచ్చును. మలుపునకు ముందే రెండు బ్రేకులును కలిపి పట్టి, వేగము తగ్గిన పిమ్మట వదలవలెను. సంతకు నడచిపోవు గిరిజనులు ఆ మలుపునకు ఆవలనే ఉండవచ్చును.