పబ్జీ పోయింది, అలవాటు పోలేదు

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీని నిషేధించినప్పుడు మా అమ్మ ఎంత సంతోషపడిందో! నేను మాత్రం వారం తిరక్కుండానే ఇంకో గేమ్ పట్టాను.

ఇంజనీరింగ్‌లో చేరాక, ఆరాంఘర్ చౌరస్తాలో కాలేజీ బస్సు కోసం ఆగే పావుగంటలో ఒక్క మ్యాచ్ అనుకునేవాణ్ణి. అది రాత్రి రెండింటిదాకా సాగేది. రెండు బ్యాక్‌లాగులు పడ్డాయి.

ఎందుకు ఆపలేం? ప్రతిసారీ గెలిస్తే బోర్ కొడుతుంది. అసలు గెలవకపోతే మానేస్తాం. ఎప్పుడొస్తుందో తెలియని గెలుపే మనల్ని కూర్చోబెడుతుంది.

ఆడేవాళ్ళందరిదీ జబ్బు కాదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. ఇవి మామూలుగా ఏడాదిపాటు ఉండి, చదువునో ఇంటినో బాగా దెబ్బతీస్తేనే ఆ పేరు పెడతారు.

నేను గేమ్ డిలీట్ చేసి ఏడుసార్లు మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. చివరికి అమ్మకి బ్యాక్‌లాగుల సంగతితో సహా అంతా చెప్పేశా. రాత్రి పదింటికి ఫోన్ ఆమెకి ఇచ్చేయాలి, బస్టాపులో బ్యాగులోంచి తీయకూడదు. ఈ రెండే రూల్స్. మొదటి పది రోజులు ఒకటే చిరాకు, నిద్ర పట్టేది కాదు. మధ్యలో రెండుసార్లు తప్పాను కూడా. తప్పిన రోజు దాచలేదు, అంతే తేడా.

మొన్న ఒక బ్యాక్‌లాగ్ క్లియరైంది. ఇంకోటుంది.

మీకూ చేయి దాటిందనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.