హార్డు డిస్కులోని గుప్తభాగములు

పూర్వపు మండువా యిండ్లలో గోడ మందములోనే ఒక చిన్న అర యుండెడిది. వచ్చిపోవు చుట్టములకు అది కనబడదు. ఇల్లు అమ్మునపుడు గృహస్థు ఆ అరను మరచెనా, అందలి కాగితములను గూడ కొన్నవానికి అప్పగించినట్లే. పాత కంప్యూటరును అమ్మువారికి, దానమిచ్చువారికి నేడు ఇట్టి మరపే సంభవింపవచ్చును.

హార్డు డిస్కు సెక్టారులను చిన్న గడులుగా విభజింపబడి యుండును. సాధారణముగా ఒక్కొక్క గడి 512 బైట్లుగా లెక్కింపబడును. యంత్రము మేల్కొనగానే, "నీయందెన్ని గడులు కలవు?" అని డిస్కును ప్రశ్నించును. డిస్కు తనకున్న వానికంటె తక్కువ సంఖ్యను చెప్పునట్లు ఏర్పాటు చేయవచ్చును. అట్లు మరుగుపడిన చివరి భాగమునకు హోస్ట్ ప్రొటెక్టెడ్ ఏరియా అని పేరు. 1998లో వెలువడిన ఏ.టి.ఏ. నాలుగవ ప్రమాణమున దీనికి స్థానము కలిగినది. యంత్రము చెడినపుడు తిరిగి నెలకొల్పుటకు కావలసిన సామగ్రిని కొందరు తయారీదారులు ఇందు భద్రపరచెడివారు. కనుక దీని పుట్టుకలో దోషమేమియు లేదు.

దోషము మన అజాగ్రత్తలో నున్నది. మొదట డిస్కు నంతయు వాడి, పిమ్మట దాని హద్దును కుదించినచో, హద్దు కావలనున్న పాత వ్రాతలు చెరగవు. సామాన్యముగా తుడిచివేయు సాధనములు కనబడు గడులను మాత్రమే తుడుచును. ప్రతిని తీయు 'డిడి' యను ఆజ్ఞయు అంతవరకే పోవును.

లినక్సులో దీనిని కనుగొనుటకు 'హెచ్‌డిపార్మ్' అను సాధనము కలదు. దానికి 'మైనస్ పెద్ద ఎన్' అను గుర్తును, డిస్కు పేరును జోడించి ఆజ్ఞ యిచ్చినచో రెండు సంఖ్యలు వచ్చును. మొదటిది కనబడు గడుల సంఖ్య. రెండవది డిస్కు స్వతస్సిద్ధ సంఖ్య. ఉదాహరణకు 500 గిగాబైట్ల డిస్కునందు మొదటిది 95,67,73,168, రెండవది 97,67,73,168 అనుకొందము. భేదము 2 కోట్ల గడులు. అనగా 1,024 కోట్ల బైట్లు, రమారమి 10 గిగాబైట్లు మరుగున నున్నవన్నమాట.

అదే గుర్తునకు రెండవ సంఖ్యను చేర్చినచో హద్దు తొలగును. విద్యుత్తు ఆపగానే మరల మొదటి స్థితి వచ్చును. సంఖ్యకు ముందు 'పి' చేర్చినచో మార్పు శాశ్వతమగును. ఇచ్చట ఒక్క అంకె తప్పి, సంఖ్య తగ్గెనా, చివరి భాగములోని దస్త్రములు అందకుండ పోవును. కావున ముందు ప్రతిని తీసికొనుట, తరువాత తాత్కాలికముగా పరీక్షించుట ఉత్తమము.

దీనికి లోపల మరియొక తెర కలదు. 2002 నాటి ఆరవ ప్రమాణములోని డివైస్ కాన్ఫిగరేషన్ ఓవర్‌లే ఆ స్వతస్సిద్ధ సంఖ్యనే తగ్గించి చెప్పింపగలదు. అట్టియెడ పై రెండు సంఖ్యలు సమానమైనను నిశ్చింత తగదు, హెచ్‌డిపార్మ్‌లోని 'డి.సి.ఓ. ఐడెంటిఫై' అను ఆజ్ఞతో విచారింపవలెను. యు.ఎస్.బి. పెట్టెలు కొన్ని ఈ ఆజ్ఞలను డిస్కునకు చేరనీయవు గనుక, డిస్కును నేరుగా యంత్రమునకు తగిలించుట మేలు.

పాత డిస్కును పరుల కిచ్చువారు మొదట హద్దును చూచి, పూర్తి పరిమాణమును పునరుద్ధరించి, ఆ పిమ్మటనే తుడువవలెను. ఇంటి తాళపుచెవి ఇచ్చుటకు ముందు గోడ అరను తడిమి చూచుకొనుట వంటిదే యిది.