విరామం అందరిదీ, ఫోన్ చేసేదెవరు?

మీరు కొనుక్కున్న వాటర్ బాటిల్ మీ సొంతం. మీరు తాగేస్తే పక్కవాడికి ఉండదు, ఇవ్వనంటే దక్కదు. ఆర్థికశాస్త్రంలో దీన్ని ప్రైవేట్ గూడ్ అంటారు. ఊళ్లో వీధిలైటు అలా కాదు. ఆ వెలుగులో మీరు నడిస్తే నాకు తగ్గేదేమీ లేదు, పన్ను కట్టనివాణ్ణి చీకట్లో నడవమనీ చెప్పలేం. అది పబ్లిక్ గూడ్.

యూఏఈలో బయట పనిచేసే మనవాళ్లకు అలాంటి వీధిలైటు మధ్యాహ్న విరామం. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, 12:30 నుంచి 3:00 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే కంపెనీకి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాముల చొప్పున, మొత్తం 50,000 దాకా జరిమానా. జగిత్యాల నుంచి వచ్చినా, పెషావర్ నుంచి వచ్చినా సైటు మీద అందరికీ ఒకే రూలు. తారు వేయడం, కాంక్రీటు పోయడం, నీళ్లు, కరెంటు లైన్ల రిపేర్లు లాంటి ఆపలేని పనులకు మినహాయింపు ఉంది. అప్పుడు కూడా చల్లటి నీళ్లు, నీడ ఏర్పాటు చేయాల్సిందే.

చిక్కేమిటంటే, రూలు దానంతటది అమలు కాదు. ఫోర్‌మన్ ఒంటిగంటకు పనెక్కమంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఆ ఫోన్ వల్ల లాభం 40 మందికి, భయం మాత్రం ఒక్కడిది. ఓటీ కోసేస్తారేమో, వీసా క్యాన్సిల్ చేస్తారేమో! అందుకని 40 మందీ ‘ఇంకెవరో చేస్తార్లే’ అని ఊరుకుంటారు. పుస్తకాల్లో దీన్ని ఫ్రీ రైడర్ సమస్య అంటారు, అంటే టికెట్ కొనకుండా బస్సెక్కే బాపతు. ఊళ్లో వడ్డీ పెరుగుతున్నవాణ్ణి ఆ మాట అనడం మాత్రం నాకు సబబుగా తోచదు.

ఆ ఒక్కడి భారాన్ని చట్టం కొంత తగ్గించింది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం, మంత్రిత్వ శాఖకు చేసిన ఫిర్యాదు నిజమని తేలితే, దాని కారణంగా ఉద్యోగంలోంచి తీసేయడం అక్రమం. కోర్టు 3 నెలల జీతం దాకా పరిహారం ఇప్పించవచ్చు. లక్ష దిర్హాములు మించని క్లెయిములకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. పోయిన ఉద్యోగానికి ఇది సరిపోతుందా అంటే, సరిపోదు. యూనియన్ లేదు, సమ్మె కుదరదు.

మిగతా భారం రూములోవాళ్లే పంచుకోవాలి. ఒకరు తేదీ, టైము రాసుకోండి, ఇంకొకరు సైటు లొకేషన్, కంపెనీ పేరు, ఎంతమంది పనిలో ఉన్నారో చూసుకోండి. వీడియోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టకండి, అనుమతి లేకుండా ఇతరుల ఫొటోలు పెడితే ఇక్కడ మీ మీదే కేసవుతుంది. మంత్రిత్వ శాఖ కాల్ సెంటర్ నంబరు 600590000.