జిల్లా మారింది సరే... టెస్టుకు తెలిసిందా?

2016 అక్టోబరు 11, దసరా. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల కొత్త జిల్లాలుగా విడిపోయాయి. ఇల్లు కదల్లేదు, ఊరు కదల్లేదు. చిరునామాలో జిల్లా పేరు మాత్రం మారింది. బండి నంబర్లదీ అదే కథ. టీఎస్ 06 బదులు నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చిలో కొత్త బండ్లకు టీఎస్ కాస్తా టీజీ అయింది. పాత ప్లేట్లూ చెల్లుతున్నాయి కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

సాఫ్ట్‌వేర్‌లోనూ చిరునామాలు ఇలాగే మారుతుంటాయి. ఫోన్ తెర మీద కనిపించేది ఫ్రంటెండ్, వెనక సర్వర్‌లో పని చూసేది బ్యాకెండ్. రెండూ మాట్లాడుకునే దారి ఏపీఐ. ప్రతి దారికీ ఓ చిరునామా ఉంటుంది.

పల్లీల ధరలు చూపే ఓ యాప్ ఉందనుకుందాం. బ్యాకెండ్ వాళ్లు 'మహబూబ్‌నగర్/ధరలు' అన్న చిరునామాను 'నాగర్‌కర్నూల్/ధరలు' అని మార్చారు. తమ టెస్టులూ మార్చుకున్నారు, అన్నీ పాస్. చిత్రమేంటంటే, ఏమీ మార్చని ఫ్రంటెండ్ టెస్టులూ పాసే! అవి అసలు సర్వర్‌ను అడగవు మరి. 'మాక్' అనే ఉత్తుత్తి సర్వర్‌ను అడుగుతాయి. దానికి తెలిసింది పాత చిరునామానే. రెండు వైపులా పచ్చ టిక్కులు పడ్డాయి. బస్తాలు ఎత్తుకుని యార్డుకు బయల్దేరిన రైతు ఫోన్‌లో మాత్రం 404 వచ్చింది. అంటే, అడిగింది అక్కడ లేదని.

మరేం చేయాలి?

చిరునామాలన్నీ ఒక్కచోటే రాసిపెట్టుకోవాలి. ఓపెన్‌ఏపీఐ పద్ధతి ఉన్నది ఇందుకే. మాక్ అయినా, బ్యాకెండ్ టెస్టయినా ఆ ఒక్క ఫైలు నుంచే చదవాలి. అక్కడ మారితే రెండు చోట్లా మారుతుంది.

ఫ్రంటెండ్ ఏం అడుగుతుందో రాసిపెట్టి, దాన్ని అసలు బ్యాకెండ్ మీద పరీక్షించే 'పాక్ట్' లాంటి పనిముట్లూ ఉన్నాయి. వీటికి తోడు, మాక్ లేకుండా తెర నుంచి సర్వర్ దాకా వెళ్లొచ్చే టెస్టు ఒక్కటైనా ఉండాలి.

పాత చిరునామాను వెంటనే తీసేయొద్దు. అందరూ యాప్‌ను అదే రోజు అప్‌డేట్ చేయరు కదా! పాతదాన్ని అడిగితే కొత్తదానికి మళ్లించాలి. వివరాలు పంపే ఫారాలకు 301 కన్నా 308 కోడ్ మేలు. 301 వస్తే చాలా బ్రౌజర్లు 'పోస్ట్'ను 'గెట్'గా మార్చేసి, నింపిన వివరాలు వదిలేస్తాయి. ఈ మళ్లింపుకూ ఓ టెస్టు రాయాలి. పాత చిరునామాకు ఇంకెవరూ రావట్లేదని సర్వర్ లాగ్‌లో తేలాకే దాన్నీ, దాని టెస్టునూ కలిపి తీసేయాలి.