డబ్ల్యూడీఎస్-6: వేగం అక్కర్లేని రైలింజన్

శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) లోని డైరీ ఫార్మ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు రైలును చూడాలంటే సముద్రం దాటాల్సిందే. అండమాన్ నికోబార్ దీవుల్లో రైలుమార్గం లేదు. విశాఖలోనో చెన్నైలోనో ఓడ దిగితే, ప్రయాణికుల రైలు కంటే ముందే వారి కంటపడేది రేవు పట్టాలపై వ్యాగన్లను మెల్లగా నెట్టుకెళ్లే ఇంజన్ కావచ్చు. దాన్నే షంటింగ్ ఇంజన్ అంటారు.

రైల్వే సంకేతాల్లో డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. చిత్తరంజన్ కర్మాగారం 1968 నుంచి డబ్ల్యూడీఎస్-4 రకాన్ని తయారు చేసింది. దాని శక్తి 600–700 అశ్వశక్తి. ఇంజన్ శక్తిని చక్రాలకు చేర్చేది ద్రవ ప్రసరణ యంత్రాంగం. గూడ్సు రైళ్ల బరువు పెరిగేకొద్దీ ఇంతకన్నా బలమైనది అవసరమైంది. వారణాసి డీజిల్ కర్మాగారం 1975 ప్రాంతంలో డబ్ల్యూడీఎస్-6ను తెచ్చింది. ఇందులో కొత్తగా కనిపెట్టింది తక్కువే. అదే ఈ కథలో మెచ్చుకోదగ్గ విషయం. అక్కడే తయారవుతున్న 2,600 అశ్వశక్తి డబ్ల్యూడీఎం-2లో 16 సిలిండర్ల ఆల్కో ఇంజన్ ఉండేది. అదే కుటుంబానికి చెందిన ఆరు సిలిండర్ల ఇంజన్‌ను దీనికి అమర్చారు. శక్తి సుమారు 1,350 అశ్వశక్తి. చాలా విడిభాగాలు ఒకటే కాబట్టి మరమ్మతు సులువు.

సగం శక్తితో వేల టన్నుల రైలు కదులుతుందా? కదులుతుంది. శక్తి అంటే బలాన్ని వేగంతో గుణించడం. వేగం తగ్గితే, అదే శక్తితో ఎక్కువ బలం వస్తుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో, నష్టాలు పోను, ఈ ఇంజన్ దాదాపు 30 టన్నుల బలంతో లాగగలదు. సమతలంపై ఒక టన్ను బరువును దొర్లించడానికి కొద్ది కిలోల బలం చాలు. అయితే లాగుడుకు మరో హద్దు ఉంది. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రం జారకుండా పట్టు దొరికేది ఇంజన్ బరువులో సుమారు నాలుగో వంతు వరకే. డబ్ల్యూడీఎస్-6 బరువు 126 టన్నులు, డబ్ల్యూడీఎం-2 బరువు సుమారు 113 టన్నులు. అంటే నత్తనడకలో పెద్ద ఇంజన్‌కున్న అదనపు శక్తి అక్కరకు రాదు. చక్రాలు ఊరికే గిర్రున తిరుగుతాయి. అక్కడ చిన్నదే కాస్త ఎక్కువ లాగుతుంది!

యార్డులో ఇంజన్ చాలాసేపు ఖాళీగా నడుస్తూ ఎదురుచూస్తుంటుంది. ఆ సమయంలో పదహారు సిలిండర్లు తాగే డీజిల్ కంటే ఆరు సిలిండర్లు తాగేది తక్కువ.

ఇప్పుడు బ్రాడ్‌గేజి దాదాపు అంతా విద్యుదీకరణ అయింది. యార్డుల్లో పాత విద్యుత్ ఇంజన్లు కూడా షంటింగ్ చేస్తున్నాయి. అయినా వ్యాగన్లపై క్రేన్లు, లోడర్లు పనిచేసే చోట 25,000 వోల్టుల తీగ ఉంచడం కుదరదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఇనుమును మోసే లాడిల్ బండ్లను నేటికీ డీజిల్ ఇంజన్లే లాగుతాయి.