రూల్ ఇంజను: ఎప్పుడు, ఎట్టిది?

పడకలు గల రిజర్వుడు రైలుపెట్టెలలో అయిదు మొదలు పన్నెండేండ్ల లోపు పిల్లలకు, బెర్తు ఇచ్చినను, పూర్వము సగము ఛార్జీయే ఉండెడిది. 2016 ఏప్రిల్ 21 నుండి బెర్తు కోరినచో పూర్తి ఛార్జీ చెల్లింపవలెనని నియమము వచ్చినది. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ నిలిపివేయబడినది. బండ్లు అవే, దూరములు అవే. మారినది నియమము మాత్రమే.

ఇట్టి నియమములను ప్రోగ్రాములో అక్కడక్కడ చొప్పించి వ్రాసినచో, ఒక్కటి మారినపుడెల్ల ప్రోగ్రామంతయు గాలింపవలసివచ్చును. ఒకచోట దిద్ది వేరొకచోట మరచినచో ఒకే బిడ్డకు రెండు ధరలు పలుకును. అందుచేత నియమములను "ఇట్లున్నచో ఇట్లు చేయుము" అను వాక్యములుగా ఒకచోట చేర్చి, వానిని చదివి అమలుజరుపు భాగమును వేరుగా నిర్మింతురు. ఈ భాగమే రూల్ ఇంజను. పేరు ఇంజనే గాని ఇందు ఆవిరియు లేదు, చక్రములును లేవు. ఇదియు ఒక ప్రోగ్రామే.

ఇంజను ఆలోచించు త్రోవలు రెండు. తెలిసిన విషయములనుండి బయలుదేరి ఫలితమును చేరుట ఒకటి. ఒక ఫలితమును ముందు ఊహించి, దానికి ఆధారములున్నవా యని వెనుకకు వెదకుట రెండవది. 1970 దశకములో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున తయారైన మైసిన్, రక్తములో చేరిన సూక్ష్మజీవులను గుర్తించుటకు ఈ రెండవ త్రోవనే పట్టినది. రోగిని పరీక్షించు వైద్యుడును కొంతవరకు ఇట్లే ప్రశ్నలు వేయును గదా!

మొదటి త్రోవలో చిక్కు వేగమునకు సంబంధించినది. ఇంజను వద్ద వెయ్యి విషయములున్నవనుకొందము. రెండు షరతులు గల నియమ మొక్కటి చాలు, పది లక్షల జతలను పరీక్షింపవలసివచ్చును. ఒక క్రొత్త విషయము చేరగనే మరల మొదటినుండి పరీక్షించుట వెఱ్ఱి పని. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన చార్లెస్ ఫోర్గీ దీనికి ఉపాయము కనిపెట్టెను. ఆయన పద్ధతి పేరు రెటె. లాటిన్ భాషలో వల యని అర్థము. సగము కుదిరిన జతలను ఈ వల జ్ఞాపకముంచుకొనును. క్రొత్త విషయము వచ్చినపుడు దానికి సంబంధించిన జతలు, అనగా ఒకటి రెండు వేలు, చూచిన చాలును. దీనికి వెల కంప్యూటరు జ్ఞాపకశక్తి: అది ఎక్కువ ఖర్చగును.

ఎన్నికలో కీలక మిచ్చటనే యున్నది. కర్మాగారములో ఉష్ణోగ్రత, పీడనము వంటివి నిలిచియుండి, కొద్ది కొద్దిగా మారుచుండును. అట్టిచోట రెటె మిక్కిలి లాభకరము. 1985లో నాసాలో పుట్టిన క్లిప్స్, జావా భాషలోని డ్రూల్స్ ఈ జాతివే. టిక్కెట్టు ధర యట్లు కాదు. ఒకమారు లెక్కకట్టి మరచిపోవుటయే. జ్ఞాపకముంచుకొన్నందున ఒరుగున దేమియు లేదు. దానికి ఇంజను తెచ్చుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే యని నా అభిప్రాయము.

ఇంజను కొన్నంతమాత్రమున కష్టములు తీరవు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తన కంప్యూటర్ల భాగములను సరిగా కూర్చుటకు వాడిన ఆర్1లో 1980లో 800 లోపు నియమములుండెను. 1983 నాటికి 3,000 దాటినవి. ఒక దానిని ముట్టుకొన్న వేరొకటి కదలును. రెండు నియమము లొక్కసారి వర్తించినపుడు ఏది ముందో ఇంజను ఎట్లు తేల్చును? ఫలాని నిర్ణయ మెందుకు చేసితివన్న చెప్పగలదా? కొనకముందే అడుగవలసిన ప్రశ్నలివి.

టిక్కెట్టు విషయమున మాత్రము తరగతిలో నల్లబల్లపై పట్టిక వేయించి చూడుడు. అడ్డముగా బెర్తు కావలెను, వద్దు. నిలువుగా మూడు వయోవర్గములు. ఆరు గడులలో పెద్దలకు "వద్దు" అను గడి అక్కరలేదు, అయిదే మిగులును. సరిగా పన్నెండేండ్లు నిండిన బాలుడు ఏ గడిలో పడునో అడిగినచో విద్యార్థులు వెంటనే రెండు పక్షములగుదురు.